పటము మీది పట్టణము

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు ఒక షరతు విధించినారు. "పిల్లలు కూడ వత్తురు; వారికి నిద్ర రాకుండ చూడవలెను" అన్నారు. పంచాంగ శ్రవణమునకును, పులిహోర పంపకమునకును నడుమ దొరకిన అరగంటలో గంభీర విషయము నెత్తుకొన్న వక్త గతి యేమగునో ఏండ్ల తరబడి ఇక్కడ కూర్చుండి చూచినవాడను. అందుచేత ఒక ఆటను గూర్చి చెప్పదలచితిని. అది ఇంచుమించు మీ అందరి యిండ్లలోను ఉన్నది. కొందరి యింట 'మొనాపలీ' అను పేరుతోను, కొందరి యింట 'బిజినెస్' అనియు, 'వ్యాపారి' అనియు మన దేశపు నకళ్ళుగను అటక మీద ఉండును. వేసవి సెలవులలో క్రిందికి దిగును. అప్పటికి పాచికలలో ఒకటి పోయియుండును. ఐదువందల నోట్లు రెండు తగ్గియుండును.

మన పూర్వులును పటము పరచి పాచికలు వేసినవారే. వైకుంఠపాళి మనకు క్రొత్త కాదు. నిచ్చెన యెక్కిన చోట ఒక పుణ్యము, పాము మ్రింగిన చోట ఒక పాపము. ఆడుకొను పిల్లవాడు తనకు తెలియకుండగనే రెండును నేర్చుకొనెడివాడు. ఆ పటము పందొమ్మిదవ శతాబ్దపు చివర ఇంగ్లండు చేరినది. అక్కడ క్రమముగ దాని మీది పుణ్యపాపముల పేర్లు రాలిపోయి, ఒకటి మొదలు నూరు వరకు అంకెలు మిగిలినవి. నేడు మన బజారులో దొరకునది అక్కడినుండి తిరిగివచ్చిన ఆ అంకెల పటమే. ఈ సంగతి యెందుకు చెప్పుచున్నాననగా, నేను చెప్పబోవు ఆటకును సరిగా ఇదే గతి పట్టినది.

గడచిన వేసవిలో మా మనుమడు, మనుమరాలు నన్ను పట్టుబట్టి ఆటకు కూర్చుండబెట్టినారు. వానికి పదునొకండు ఏండ్లు, దానికి ఏడు. వాడు వీధుల మీద వీధులు కొనుచుండెను. అది ఆటకంటె ఆ చిన్న చిన్న పచ్చని యిండ్లను వరుసగా పేర్చుటయందు ఎక్కువ శ్రద్ధ చూపుచుండెను. ఉన్నట్టుండి, "తాతయ్యా, ఈ ఇళ్ళల్లో ఎవరుంటారు?" అని అడిగినది.

"ఎవరూ ఉండరే. అవి అద్దె కోసం" అన్నాడు వాడు.

"ఎవరూ లేకపోతే అద్దె ఎవరిస్తారు?"

"దారిన పోయేవాళ్ళు."

వాడు చెప్పినది అక్షరాల నిజము. ఆట నిబంధనలలో ఉన్నది అంతే. కాని నేను ముప్పదియారు సంవత్సరములు సర్కారు కొలువు చేసి, అద్దెలు, అలాట్మెంట్లు, లీజులు అను మాటలు వ్రాసి వ్రాసి చేతివ్రేళ్ళు కాయలు కాచినవాడనై యుండియు, ఆ ప్రశ్న నాకెన్నడును తోచలేదు. పటము మీద పట్టణమున్నది. వీధులున్నవి, రైలు స్టేషన్లున్నవి, చెఱసాల యున్నది. కాపురమున్నవాడు మాత్రము ఒక్కడును లేడు. ఎందుకు లేడని వెదకబోగా ఒక కథ బయటపడినది. అది మీకు చెప్పవలెనని వచ్చితిని.

ఈ ఆటకు మూలమైనదానిని కల్పించినది ఎలిజబెత్ మాగీ అను అమెరికా స్త్రీ. ఆమె 1866లో ఇలినాయ్ రాష్ట్రమున జన్మించినది. తండ్రి పత్రికలు నడపినవాడు, అబ్రహాం లింకనును ఎఱిగినవాడు, బానిసత్వమును నిరసించినవాడు. ఆయన కూతురి చేతిలో హెన్రీ జార్జి వ్రాసిన 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' అను గ్రంథమును పెట్టినాడు. ఆమె వాషింగ్టను నగరమున స్టెనోగ్రాఫరు పని చేసెడిది. కొంతకాలము తపాలాశాఖవారి డెడ్ లెటర్ ఆఫీసులో, అనగా చిరునామా దొరకక ఎవరికిని చేరని ఉత్తరములు పోగుపడు కార్యాలయములో, ఉద్యోగము చేసినది. ఈ సభలో తపాలాశాఖ మిత్రులు అరడజను మంది కనబడుచున్నారు. ఆమె మీ సహోద్యోగి. 1893లో, టైపురైటరులోనికి కాగితము సులువుగ దూరుటకు తాను కనిపెట్టిన యేర్పాటునకు పేటెంటు పొందినది. పగలు ఆఫీసు పని. రాత్రులు ఈ పటము పని.

ఆమెకు గురువువంటివాడైన హెన్రీ జార్జి ఏమి చెప్పినాడో నా మాటలలో చెప్పెదను. ఊరి పొలిమేరలో ఒకనికి బీడు భూమి యున్నది. వాడు దానిని దున్నలేదు. ఒక గోడయైనను కట్టలేదు. ఊరివారు బాట వేసిరి. బడి కట్టిరి. రైలు వచ్చినది, నాలుగు అంగళ్ళు వెలసినవి. బీడు బీడుగనే యున్నది. దాని వెల మాత్రము నూరు రెట్లయినది. ఈ పెరుగుదల ఎవరి శ్రమ వలన వచ్చినది? ఎవరి జేబులోనికి పోవుచున్నది? పట్టణము పెరిగినకొలది పేదరికము కూడ దాని ప్రక్కనే యెందుకు పెరుగుచున్నదను ప్రశ్నకు జార్జి కనుగొన్న సమాధానము ఇది. చెమటోడ్చి సంపాదించిన జీతము మీదను, కట్టుకొన్న యింటి మీదను పన్ను వేయకుడు. స్థలము వెల మీద మాత్రము వేసి, ఊరు పెంచిన విలువను ఊరికే తిరిగి ఇండు, అని ఆయన వాదము. 1879లో ఆ గ్రంథము వెలువడినది. 1897లో న్యూయార్కు నగరాధ్యక్ష పదవికి పోటీ చేయుచు, పోలింగునకు కొలది దినముల ముందు ఆయన మరణించెను.

మాగీ ఈ వాదమును ఉపన్యాసములలో చెప్పి చూచినది. వినువారు కొలదిమంది. అందుచేత ఆటగ చేసినది. 1903లో దరఖాస్తు పెట్టి, 1904 జనవరి 5న పేటెంటు పొందినది. ఆ ఆట పేరు 'లాండ్‌లార్డ్స్ గేమ్', అనగా భూస్వామి ఆట. ఆ పటము చూడదగినది. ఒక మూల 'భూమాత' అని వ్రాసియుండును. భూమాత మీద శ్రమించినందుకు, చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారి ఆటగానికి నూరు డాలర్ల జీతము. నేటి ఆటలో 'గో' అను బాణపు గుర్తు వద్ద ఇచ్చు సొమ్ము అదియే. బాణము మిగిలినది, భూమాత పోయినది. మఱియొక మూల ప్రజల ఉద్యానవనము. దానిని అంటియే దరిద్రాలయము. ఇంకొక మూల ఒక ప్రభువుగారి ఎస్టేటు: అక్కడ అడుగు పెట్టినవాడు పరాయి భూమిలో ప్రవేశించిన నేరమునకు నేరుగ చెఱసాలకు పోవలెను. దారి పొడుగున రొట్టె, బొగ్గు, బట్ట, నీడ అను తప్పనిసరి ఖర్చుల గళ్ళు ఉన్నవి. నీడ! చూచితిరా, ఆమె పటములో మనుష్యునికి నీడ కావలెనను గడి యున్నది. మా మనుమరాలి ప్రశ్నకు ఆమె పటములో కొంత సమాధానమున్నది.

1906లో ఒక చిన్న సంస్థ దీనిని ముద్రించినది. ఎక్కువ అమ్ముడుపోలేదు. కాని చేతితో నకలు వ్రాసికొని, గుడ్డ మీద గీసికొని జనులు ఆడసాగిరి. డెలావేరులో హెన్రీ జార్జి మతస్థులు 1900లో నెలకొల్పిన ఆర్డెను అను పల్లెలో ఆడిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున స్కాట్ నియరింగు అను అర్థశాస్త్రాచార్యుడు విద్యార్థులకు నేర్పెను. ఒక్కొక్క ఊరివారు తమ తమ వీధుల పేర్లు వ్రాసికొనెడివారు.

ఇట్లు తిరిగి తిరిగి 1930 ప్రాంతమున ఆ పటము అట్లాంటిక్ సిటీ అను సముద్రతీర పట్టణమునకు చేరినది. అది విహారస్థలము, హోటళ్ళ ఊరు. అక్కడి క్వేకరు మతస్థులు కొందఱు తమ స్నేహితులు ఉండు వీధుల పేర్లను పటము మీద వ్రాసికొని, ఆ వీధుల అంతస్తును బట్టి వెల కట్టినారు. సముద్రపు ఒడ్డున పెద్ద హోటళ్ళున్న బోర్డువాకు అన్నిటికంటె ప్రియము. మెడిటరేనియన్, బాల్టిక్ వీధులు అన్నిటికంటె చవుక. ఎందుకు చవుక? ఆ హోటళ్ళలోను, ఆ ఇండ్లలోను పనిచేయు నల్లజాతివారు నివసించు భాగము అది. ఆటాడుకొన్న ఒక కుటుంబమువారి పనిమనిషి బాల్టిక్ వీధిలోనే ఉండెడిది. ఆమె ప్రొద్దుటనే వచ్చి, ఆ పటము పరచిన బల్లను తుడిచియుండును. ఆమె వీధి వెల పటము మీద 60 డాలర్లు. ఖాళీ స్థలమునకు అద్దె 4. నేటికిని లోకమంతట అమ్ముడగు అమెరికా పటము మీద, ఒక ఊరు తన పనివారిని ఎక్కడ ఉంచెనో ఆ లెక్క చెక్కు చెదరక అట్లే యున్నది. ఆడువారికి తెలియదు.

తరువాతి కథ క్లుప్తముగ చెప్పెదను. చార్లెస్ డారో అను నిరుద్యోగి ఒక విందులో ఈ ఆట నేర్చుకొని, పటమును అందముగ గీయించి, తన కల్పనయని అమ్మసాగెను. పక్కా నకలేయని చెప్పుటకు ఒక గుర్తు మిగిలినది: ఆయనకు నేర్పినవారి పటములో 'మార్వెన్' అను పేరు 'మార్విన్' అని తప్పుగ వ్రాయబడియుండెను, ఆ తప్పు కూడ ఆయన పటములోనికి వచ్చినది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆయన వద్ద కొన్నది. ఆ యేడే మాగీ వద్దకును పోయి, ఆమె పేటెంటును 500 డాలర్లకు కొన్నది. ప్రతి పటమునకు ఇంత అను వాటా లేదు. డారో కోటీశ్వరుడాయెను. 1940 జనాభా లెక్కలలో వృత్తి అను గడిలో ఆమె 'ఆటలు చేయునది' అని వ్రాయించినది. ఆదాయము అను గడిలో సున్న. 1948లో మరణించినది. ఆమె పేరు మరల వెలికి వచ్చుటకు ఒక వ్యాజ్యము కావలసివచ్చెను. రాల్ఫ్ ఆన్స్‌పాక్ అను అర్థశాస్త్రాచార్యుడు 1973లో 'ఆంటీ మొనాపలీ' అను ఆటను వెలువరింపగా కంపెనీవారికిని ఆయనకును నడుమ వ్యాజ్యము నడచెను. 1977లో ఆయన పటములు సుమారు 40,000 చెత్తగుంటలో పూడ్చిపెట్టబడినవి. ఆయన పట్టు వదలక పాత పటములను వెదకి, పాత ఆటగాండ్రను కనుగొని, 1983 నాటికి నెగ్గెను. ఆ వెదకులాటలోనే మాగీ పేటెంటు బయటపడినది.

ఇప్పుడు ఆట లోపలికి వత్తము. ఆడువారెల్లరు సమానముగ 1,500 డాలర్లతో ఆరంభింతురు. ఇది ఏ పట్టణమునను జరుగని విషయమని వేరుగ చెప్పనక్కఱలేదు. 22 వీధులు, 4 రైలు మార్గములు, ఒక దీపముల కంపెనీ, ఒక నీటి కంపెనీ. చుట్టు తిరిగి వచ్చినచో 200 జీతము. బోర్డువాకు ఖాళీగ నున్నప్పుడు అద్దె 50. హోటలు లేచినచో 2,000. అనగా పది చుట్లు తిరిగి సంపాదించిన జీతము ఒక్క అడుగునకు చెల్లు. మొదటి అరగంట అందఱును స్నేహితులే. తరువాత జీతము లెక్కలోనికి రాదు, స్థలమున్నవానికే బ్రతుకు. ఆ మలుపు ఎప్పుడు వచ్చినదో ఆడువానికి సరిగా తెలియదు. అదియే మాగీ చూపదలచినది.

అంతకంటె సూక్ష్మమైన సంగతి ఒకటి కలదు. పెట్టెలో ఇండ్లు 32 మాత్రమే, హోటళ్ళు 12. వీధులన్నిటను నాలుగేసి ఇండ్లు కట్టవలెనన్న 88 కావలెను. ఆరితేరిన ఆటగాడు ఏమి చేయునో తెలియునా? హోటలు కట్టుటకు సొమ్మున్నను కట్టడు. కట్టినచో నాలుగిండ్లు పెట్టెలోనికి తిరిగిపోయి ఇతరులకు దొరకును గదా! అందుచేత తన ఇండ్లను అట్లే పట్టుకొని కూర్చుండును. ఎదుటివాని వద్ద సొమ్మున్నను, స్థలమున్నను, కట్టుకొనుటకు ఇల్లు దొరకదు. కఱవును కల్పించి కట్టడి చేయుట ఆటలో న్యాయమైన యెత్తే. మా పదునొకండేండ్లవాడు దీనిని ఎవరును చెప్పకయే కనిపెట్టినాడు. నేను వానిని మెచ్చుకొంటిని. ఆ రాత్రి పండుకొన్న తరువాత, మెచ్చుకొని యుండవలసినది కాదేమో అనుకొంటిని.

చెఱసాల సంగతి మఱియు చమత్కారము. ఆరంభములో చెఱసాలకు పోవుట నష్టము. ఆట ముదిరిన పిమ్మట అక్కడనే సుఖము. బయటికి వచ్చిన ఇతరుల హోటళ్ళ మీద కాలు పడును, లోపలనున్న కాలు కదల్చనక్కఱలేదు. పైగా లోపలనున్నను తన వీధుల అద్దెలు తనకు వచ్చుచునే యుండును. ఇది వాస్తవమునకు దగ్గఱగ నున్నదా లేదా అను విషయములో నా అభిప్రాయమును ఉద్యోగ విరమణ చేసినవాడను గనుక చెప్పవచ్చును, ఐనను చెప్పను.

మాగీ ఆట ఇంతటితో ముగియలేదు. ఆమె రెండవ నియమావళి కూడ వ్రాసినది. అదే పటము, అవే పాచికలు. 1932లో వెలువడిన ముద్రణలో దానికి 'ప్రాస్పెరిటీ', అనగా సమృద్ధి, అని పేరు. దాని ప్రకారము స్థలపు అద్దె యజమానికి పోదు, ఖజానాకు పోవును. ఖజానా నిండినకొలది దీపముల కంపెనీ ప్రజలదై, ఆ గడిలో అద్దె రద్దగును. పిమ్మట రైళ్ళు. చెఱసాలకు పొమ్మన్న గడి స్థానమున ఉచిత కళాశాల వచ్చును. అటుపై జీతము పెరుగును. అందఱిలో తక్కువ సొమ్మున్నవాడు తన తొలి మూలధనమును రెట్టింపు చేసికొన్ననాడు ఆట ముగియును. ఒకే పటము మీద ఈ రెండు విధముల ఆడి, ఏది మేలో పిల్లలే తెలిసికొందురని ఆమె ఆశ. లోకము మొదటి నియమావళిని ఉంచుకొని రెండవదానిని పారవేసినది.

తప్పంతయు కంపెనీలదే యనను. నేను మా యింట ఆ రెండవ విధమున ఒక సాయంకాలము ఆడించితిని. గంటలోపల మనుమనికి విసుగు పుట్టినది. "ఎవరూ దివాలా తీయరా?" అని అడిగినాడు. తీయరన్నాను. "మరి ఆటేముంది?" అన్నాడు. నాకు బదులు తోచలేదు. ఓడినవాడు బల్ల వద్దనుండి లేచిపోవుట చూడనిదే గెలిచినట్లు మనకు తోచదు కాబోలు. ఆటలో లేచిపోయినవాడు వంటయింటిలోనికి పోయి అప్పడము తినును. పట్టణములో లేచిపోవలసినవాడు ఎక్కడికి పోవునను ప్రశ్న మిగులును.

అట్లాంటిక్ సిటీ తానే దీనికి సాక్ష్యము. 1976లో అక్కడ జూదగృహములకు ఓటర్లు సమ్మతించిరి. 1978లో మొదటిది తెఱచిరి. ఆట పటములో వలెనే సముద్రపు ఒడ్డున హోటళ్ళు లేచినవి. వాటి వెనుక వీధులలోని పాత ఇండ్ల స్థలములు వెల పెరుగునను ఆశతో చేతులు మారి, ఇండ్లు ఖాళీయై, పడగొట్టబడి, బయళ్ళు మిగిలినవి. 2014లో ఒక్క యేటిలో నాలుగు జూదగృహములు మూతపడినవి. అక్కడ పనిచేసినవారి సంగతి చెప్పుటకు పటములో గడి లేదు.

అమెరికా మాట అటుంచుదము. మాగీ రెండవ నియమావళికి దగ్గఱి చుట్టమువంటిది ఒకటి మనము కూర్చున్న ఈ ఢిల్లీ నగరముననే ఉండెడిది. మనలో కొందఱు దాని ఫైళ్ళను చేతులతో త్రిప్పినవారే. ఢిల్లీ అభివృద్ధి చట్టము 1957లో వచ్చినది. 1961లో కేంద్ర ప్రభుత్వము, నగరము చుట్టునున్న భూములను పెద్దయెత్తున సేకరించి, అభివృద్ధి చేసి, లీజుకు ఇచ్చు పథకమును ప్రకటించినది. స్థలములలో జూదమును అరికట్టవలెను, తక్కువ ఆదాయమువారికి అందు ధరలో చోటు దొరకవలెను అను ఉద్దేశములు అందున్నవి. లీజు పత్రములలో ఒక షరతు చూచియుందురు: లీజుదారుడు స్థలమును అమ్మినచో, తాను సంపాదింపకయే పెరిగిన వెలలో సగము ప్రభుత్వమునకు చెల్లింపవలెను. ఆఫీసు భాషలో దానికి 'అనర్న్‌డ్ ఇంక్రీజ్' అని పేరు. మేము ఆ మాటను వేలసార్లు టైపు చేయించినాము. అది హెన్రీ జార్జివంటివారి వాదములోనిదని గాని, ఒక స్టెనోగ్రాఫరు దానిని పిల్లల ఆటగ చేసినదని గాని మాకు తెలియదు. తెలిసినచో ఆ ఫైళ్ళు కొంచెము వేగముగ కదలియుండునేమో!

ఫలము ఉద్దేశమంత మంచిది కాలేదు. ఆటలో బ్యాంకే ఏకైక భూస్వామియై కూర్చున్నట్లయినది. పల్లెల రైతులకు సేకరణ చట్టము ప్రకారము ధర కట్టిరి. వ్యాపార స్థలములను వేలము వేసిరి. వేలము పాట పెరిగినకొలది చుట్టుపట్ల ధరలును పెరిగినవి. పేదవానికి ఇల్లు కావలసినన్ని లేవు. పెట్టెలో ఇండ్లు 32 యని చెప్పితిని గదా, అదే కథ. చోటు దొరకనివారు అనధికార కాలనీలలో చేరినారు. అట్టి కాలనీలు 1,731 ఉన్నవని లెక్క తేల్చి, 2019లో పార్లమెంటు వాటివారికి యాజమాన్యపు హక్కు నిచ్చు చట్టము చేసినది. ఇక ఆ లీజుల సంగతి: 1992 నుండి రుసుము చెల్లించి లీజును పూర్తి స్వంతముగ మార్చుకొను వీలు కలిగినది. మార్చుకొన్నవారికి ఆ సగము వాటా షరతు తప్పినది. రెండవ నియమావళి ఇక్కడను అటక యెక్కినది.

లేచిపోవలసినవారి మాట కూడ ఒక్కటి చెప్పవలెను. 1975–77 అత్యవసర పరిస్థితి కాలమున సుమారు 7 లక్షల మందిని మురికివాడలనుండి నగరపు అంచులకు తరలించినారు. 2004లో యమునా పుస్తా గుడిసెలు పడగొట్టినప్పుడు, అర్హులని తేలినవారికి దూరమున బవానాలో స్థలములిచ్చినారు: కొందఱికి 18 చదరపు మీటర్లు, కొందఱికి 12.5. పన్నెండున్నర మీటర్లనగా మన సభామంటపములో ఈ వేదికంత. ఆ స్త్రీలలో పెక్కురు నగరమున ఇండ్లలో పాచిపని చేసికొనువారు. బస్సు ఖర్చు జీతమును తినివేయుటచేత పని మానిరి. స్థలము ఇచ్చినట్లు రికార్డులో ఉండును. పని పోయినట్లు ఏ రికార్డులోను ఉండదు.

మఱి మనమో? మనమును ఈ పటము మీదివారమే. సర్కారు క్వార్టర్సులో కాపురముండి, జీతములో లైసెన్సు ఫీజు తగ్గించుకొని పుచ్చుకొని, మార్కెటు అద్దె ముఖము చూడకుండ పిల్లలను పెద్దచేసినవారము. 2016లో కేంద్ర మంత్రివర్గము సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ మొదలగు ఏడు కాలనీలను తిరిగి కట్టుటకు సమ్మతించినది. పాత ఇండ్లు 12,970. క్రొత్తవి 25,667 అని పథకము. దానికగు వ్యయమును నౌరోజీ నగరులో వ్యాపార భవనములు కట్టి అమ్మి రాబట్టుట మార్గము. చెట్ల నరికివేత మీద 2018లో జనులు వీధికెక్కిరి. హైకోర్టు ఆపుదల ఆజ్ఞ ఇచ్చినది. ఇండ్లు రెట్టింపగుట మంచిదే. ఎన్ని ఏండ్లు వరుసలో నిలిచి క్వార్టరు సంపాదించితిమో మనకు తెలియును. కాని పాత కాలనీలలో వేపచెట్టు క్రింద బల్ల వేసికొని ఇస్త్రీ చేయువాడు ఒకడుండెడివాడు. మా అబ్బాయి పరీక్షకు పోవు నాడు వాడే చొక్కా తెచ్చి, జేబులో అయిదు రూపాయలు పెట్టి, "మంచిగా వ్రాయుము" అని పంపినాడు. చెట్టు పోగా వాని బల్లయు పోయినది. వాడు అలాటీ కాడు గనుక వానికి ప్రత్యామ్నాయ వసతి యను ప్రశ్న లేదు. వాడు ఎక్కడికి పోయెనో నేను విచారింపలేదు. ఆ విషయము మీ ముందు ఒప్పుకొనుచున్నాను.

ఇంకొకటియు ఒప్పుకొనవలెను. హైదరాబాదులో ప్లాటు లేనివారు ఈ సభలో ఎందఱు? చేతులెత్తనక్కఱలేదు. నేను కూడ విరమణానంతరము ఉండుటకని ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన కొంటిని, ఉండలేదు. అక్కడ గడ్డి తప్ప ఏమియు లేదు. 158 కిలోమీటర్ల ఆ బాటను వేసినది నేను కాను. అచ్చటి కంపెనీలలో రాత్రింబవళ్ళు పనిచేయువారు మన పిల్లలు. 2023 ఆగస్టులో కోకాపేటలో వేసిన సర్కారు వేలములో ఎకరము నూరు కోట్ల రూపాయలు దాటినదని పత్రికలో చదివిననాడు, కోకాపేటకు చాల దూరమున నున్న నా మూడువందల గజముల గడ్డిని తలచుకొని రెండవ కప్పు కాఫీ త్రాగితిని. హెన్రీ జార్జి చెప్పిన బీడుభూమివాడు ఎవడో కాడు. మీ యెదుట నిలిచి మాటలాడుచున్నాడు.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ఆ వేసవి ఆట ఎట్లు ముగిసినదో చెప్పి కూర్చుండెదను. మనుమరాలు వంటయింటిలోనికి పోయి గుప్పెడు చింతపిక్కలు తెచ్చినది. వామనగుంటలు ఆడుటకు వాళ్ళ నాయనమ్మ దాచుకొన్నవి. ఒక్కొక్క యింటి ముందు రెండేసి పెట్టినది. "వీళ్ళు ఇక్కడ ఉంటారు" అన్నది. ఎవరును అడ్డు చెప్పలేదు. ఇంతలో మనుమనికి నారింజ రంగు వీధిలో హోటలు కట్టు సమయము వచ్చినది. ఈసారి వాడు దాచుకొనక కట్టదలచెను. నాలుగు పచ్చని యిండ్లు తీసి పెట్టెలో వేసి, ఎఱ్ఱని హోటలు నిలిపెను. గడి ప్రక్కన ఎనిమిది చింతపిక్కలు మిగిలినవి.

"ఇవి తీసెయ్" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నది.

వాడు నా ముఖము చూచినాడు. నేను నిబంధనల కాగితము తీసి, కళ్ళజోడు పెట్టుకొని, మొదటినుండి చివరి వరకు చదివితిని. అందులో లేదు. ప్రక్క గడిలో పెట్టుదమన్న అది నా గడి. అక్కడ నాకు మూడిండ్లున్నవి, వాటికి ఆరు పిక్కలున్నవి. ఇంకను చోటున్నది. ఐనను నేను వెంటనే సరేయనలేదు. అది చిన్నది గమనించినది. పిక్కలను గుప్పిట పట్టుకొని అట్లే కూర్చున్నది. వాళ్ళ నాయనమ్మ భోజనమునకు పిలిచినది. పటము మడవలేదు, మఱునాటికి అట్లే ఉంచితిమి.